పియానో టీచరమ్మ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

టీ పెట్టుకున్నారా? అయితే గ్లాసు పట్టుకుని ఇట్లా వచ్చి కూర్చోండి. ఈసారి ముచ్చట కొంచెం పొడుగే. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తే లేచి వెళ్ళి రండి, ఏం పర్లేదు.

మనలో చాలామందిమి పిల్లల్ని పియానో క్లాసులో చేర్చాం. పేరుకే పియానో. హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ మన ఇళ్ళల్లోకి వచ్చేది కీబోర్డు. ఏ కంపెనీదైనా సరే దాన్ని ‘కేషియో’ అనే అంటాం. టీవీ పక్కన పెట్టి, దుమ్ము పడకుండా పాత చున్నీ కప్పి, సాయంత్రం ట్యూషన్ అయ్యాక కాసేపు వాయించమంటాం. అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాతే సలహాలు మొదలవుతాయి.

చర్చిలో వాయించే అన్న ఇంటికొచ్చి నేర్పిస్తూ ఒక మాట చెప్తాడు. బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో క్లాసు చెప్పే మేడమ్ దానికి ఎదురుమాట చెప్తుంది. ఆడపడుచు కూతురి టీచరు ఇంకేదో చెప్పిందని వాట్సాప్‌లో మూడోది వస్తుంది. రోజుకు రెండు గంటలు కూర్చోకపోతే చేతికి రాదంటారు ఒకరు. అరవై ఒక్క మెట్ల కీబోర్డు దండగ, ఎనభై ఎనిమిది మెట్లది కొనాల్సిందే అంటారు ఇంకొకరు. ఏడేళ్ళు దాటితే ఇక వేళ్ళు వంగవని మరొకరు. మన పాపకేమో ఎనిమిదో ఏడు! ఆ రాత్రి మనకు నిద్ర పడుతుందా చెప్పండి?

పైగా మనకు సంగీతం రాదు. వచ్చినా పెళ్ళికి ముందు నేర్చుకున్న నాలుగు గీతాలు. అడగబోతే, గురువును ప్రశ్నించడమా అని లోపల ఒక బెరుకు. అడక్కుండా ఊరుకుంటే నెలనెలా ఫీజు పోతూనే ఉంటుంది. దానికి తోడు ఇంటాయన సణుగుడు: “ఆర్నెల్ల నుంచి అదే ట్వింకిల్ ట్వింకిల్, ఇంకేం నేర్పించడం లేదా?”

ముందు ఆ బెరుకు తీసి పక్కన పెడదాం. ధర్మవరంలో పట్టుచీర కొనడానికి పోయినప్పుడు మనం మగ్గం మీద కూర్చోవడం నేర్చుకుని పోతామా? లేదే. కొంగు తిరగేసి వెనకవైపు పోగులు చూస్తాం. అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూస్తాం. “ఇది ఎవరు నేసినారు, ఎన్ని రోజులు పట్టింది?” అని అడుగుతాం. నేసినవాళ్ళు ఎవరో, ఊరికే అమ్మేవాళ్ళు ఎవరో ఆ జవాబుల్లోనే తెలిసిపోతుంది. టీచరు మాటను కూడా అట్లాగే తిరగేసి చూడొచ్చు, సంగీతం రానక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది చాలా చిన్న సంగతి. ఆ సలహా చెప్పే ముందు ఆవిడ మన బిడ్డ చేతుల్ని చూసిందా?

మన ఇళ్ళల్లో పిల్ల ఎట్లా కూర్చుంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద, కాళ్ళు గాల్లో ఊగుతూ. కీబోర్డు ఏమో డైనింగ్ టేబుల్ మీద. టేబుల్ ఎత్తు, పిల్ల పొట్టి. మోచేతులు మెట్ల కన్నా కిందికి ఉండిపోతాయి కాబట్టి మణికట్టు టేబుల్ అంచుకు ఆనుతుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి. పది నిమిషాలకే “అమ్మా, చెయ్యి నొప్పి” అంటుంది. మనం బద్ధకం అనుకుంటాం. ఇప్పుడు ఇద్దరు టీచర్లు వచ్చారనుకోండి. ఒకరు “ప్రాక్టీసు తక్కువైంది, ఇంకా గట్టిగా వాయించు” అన్నారు. ఇంకొకరు పిల్ల పక్కకు వచ్చి నిలబడి, కాసేపు మాట్లాడకుండా చూసి, “అమ్మా, పీట ఏదన్నా ఉందా? రెండు దిండ్లు కూడా తెండి” అన్నారు. దిండ్లు కుర్చీ మీదికి, పీట కాళ్ళ కిందికి. మోచెయ్యి మెట్ల ఎత్తుకు వచ్చింది, ముంజెయ్యి నేలకు సమంగా నిలిచింది, భుజాలు వాటంతటవే దిగాయి. మనకు స్వరం తెలియకపోయినా భుజం దిగడం కనపడుతుంది కదా? ఆ టీచరు మాట మీద నమ్మకం పెట్టుకోవడానికి నాకైతే ఆ పీట చాలు.

ఆన్‌లైన్ మేడమ్ అయితే ఎట్లా చూస్తుంది అంటారా? ఫోను ఎక్కడ పెట్టమంటుందో గమనించండి. ముఖం ఎదురుగా పెట్టించి పాఠం చెప్పేస్తే, ఆవిడకు మన పిల్ల చేతులు కనపడటమే లేదన్నమాట. పక్కనుంచి, మోచెయ్యి నుంచి వేళ్ళ కొస దాకా కనపడేలా ఫోను జరిపించే మేడమ్ ఉంటే వదులుకోకండి.

ఇక రెండో సంగతి. “ఎందుకు?” అంటే జవాబు ఉండాలి.

వేళ్ళు గుండ్రంగా వంచి పెట్టమనడం అందరూ చెప్పేదే. పాతకాలం మాస్టర్లు చేతి మీద నాణెం పెట్టి, అది జారకుండా వాయించమనేవాళ్ళు. అదొక్కటే దారి అనుకుంటే మరి షోపాన్ ఉన్నారు. 1810లో పోలండులో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, పియానో పాఠాలు చెప్పుకుని బతికిన మహా సంగీతకారుడు. ఆయన శిష్యులను తెల్లమెట్ల మీద మొదలుపెట్టించలేదు. బొటనవేలు ‘ఈ’ మెట్టు మీద, మధ్యలో మూడు వేళ్ళు మూడు నల్లమెట్ల మీద, చిటికెనవేలు ‘బీ’ మీద పెట్టించేవారు. పొడుగు వేళ్ళు కాస్త ఎత్తుగా, లోపలికి ఉన్న నల్లమెట్ల మీదికి, పొట్టి వేళ్ళు తెల్లమెట్ల మీదికి వస్తే చేతికి హాయి. చూశారా, ఆయన చేతిని చూసి మెట్లను ఎంచుకున్నారు.

కాబట్టి అన్న ఒకటి చెప్పి, మేడమ్ ఇంకొకటి చెప్పగానే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని కంగారు పడకండి. ఇద్దరినీ కారణం అడుగుదాం. “మా సార్ మాకట్లే నేర్పించినారు” అన్నది ఒక జవాబే, కాదనను, కానీ అక్కడితో ఆగిపోతే మన పని జరగలేదు. “మీ పాప చిటికెనవేలు పక్కకు పడుకుంటోంది, అందుకని కొన్నాళ్ళు వంచమన్నా. అది నిలబడ్డాక మామూలుగా పెట్టుకోవచ్చు” అన్నారనుకోండి, ఆ మాట మన పాప కోసం పుట్టింది.

అడగడం ఎట్లా, టీచరమ్మ నొచ్చుకుంటుందేమో అని కదా మీ భయం? నేను చెప్పినట్టు అడగండి. “మేడమ్, ఇంట్లో వాయించేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను. సరిగ్గా చేస్తోందో లేదో నాకెట్లా తెలుస్తుంది?” ఇందులో గౌరవమూ ఉంది, పరీక్షా ఉంది. పని తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నకు సంతోషపడతారు. “బొటనవేలు కిందినుంచి దాటేటప్పుడు మోచెయ్యి బయటికి పొడుచుకు రాకూడదు, అది చూడండి చాలు” అంటారు. లేకపోతే “ఎడమచెయ్యి ఒక్కటే వాయించమనండి, తడబడకుండా రెండుసార్లు వచ్చాక కుడిచెయ్యి కలపమనండి” అంటారు. మన కంటికీ చెవికీ ఒక గుర్తు ఇస్తారు. “మీకు అర్థం కాదులెండి, మాకు వదిలెయ్యండి” అన్నారంటే మాత్రం మనం ఇంకోచోట కూడా కనుక్కోవడం మంచిది.

శనివారం గాత్రం క్లాసు, ఆదివారం కీబోర్డు క్లాసు అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టించిన అమ్మలు కూడా మనలో ఉన్నారు. వాళ్ళ కోసం ఒక చిన్న పరీక్ష చెప్తాను. పిల్ల సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో పాడుతుంది కదా. వాటినే కీబోర్డు మీద ఎట్లా వాయించాలో చూపించమనండి. స ‘సి’ మెట్టు మీద పెట్టుకుంటే రి నల్లమెట్టు, గ, మ, ప తెల్లవి, ద మళ్ళీ నల్లది, ని తెల్లది, ఆ పైన స. రి నుంచి గ దాకా చెయ్యి కొంచెం చాచాలి. ప్రతి స్వరానికీ ఒకే చూపుడువేలు ఆడించి చూపిస్తే అది పియానో పద్ధతి కాదు. స రి గ మూడు వేళ్ళతో వాయించి, మ దగ్గర బొటనవేలు కిందినుంచి దాటించి, అక్కడినుంచి చిటికెనవేలి దాకా వరసగా పోతే పియానో చెయ్యి తెలిసినవాళ్ళు.

ఇక్కడ ఒక మాట. పాశ్చాత్య సంగీతం మాత్రమే నేర్చుకున్న టీచరుకు మాయామాళవగౌళ పేరు తెలియకపోవచ్చు. తెలియకపోతే తప్పేం లేదు. “నాకు ఈ రాగం తెలీదు, నువ్వు పాడమ్మా, వింటా” అని పిల్ల పాడుతుండగా మెట్లు వెతుక్కుని, రెండు నిమిషాల్లో వేళ్ళు కుదిర్చేవాళ్ళు దొరికితే అంతకన్నా ఏం కావాలి? తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినది చేసి చూపించారు.

అట్లాగే గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, దాని సంగతి. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య ఉండే స్వరం పియానోలో లేనే లేదు. కొన్ని కీబోర్డులకు ఎడమపక్కన చిన్న చక్రం ఉంటుంది, దాంతో స్వరాన్ని కాస్త సాగదీయొచ్చు, అంతే. “కీబోర్డు నేర్పిస్తే గాత్రం కూడా దానంతటదే వచ్చేస్తుంది” అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుందాం.

ఈ మెట్ల గొడవ కొత్తది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే నిషేధించింది. మెట్లు స్థిరంగా ఉంటాయి, గమకం పలకదు, శ్రుతి మన సంగీతానికి కుదరదు అని పెద్దల అభ్యంతరం. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది 1971లో! అన్నేళ్ళూ మన సీమ నాటకాల్లో హార్మోనియం లేకుండా పద్యం నడిచిందా? తెలుగు నాటకంలోకి పాటలు తెచ్చారని చెప్పుకునే ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి ఇంటిపేరు మన ఊరే. ఆ దారిలో పెరిగిన పద్యనాటకానికి హార్మోనిస్టు లేనిదే తెర లేవదు. రేడియో పెద్దలు చెప్పిన కారణంలో నిజం ఉంది, గమకం నిజంగానే పలకదు. కానీ అసలు వాయించనే వద్దన్న తీర్పు అతి. మనకొచ్చే సలహాల్లోనూ ఈ రెండింటినీ విడదీసి చూసుకుందాం. కారణం సరైనదే అయినా, దాని వెనకాల వచ్చే ఆజ్ఞ సరైనది కావాలని లేదు.

సరే, సర్టిఫికెట్ల దగ్గరికి వద్దాం. మీరు అడగాలనుకుంటున్నది అదే కదా?

లండన్ నుంచి పరీక్షలు పెట్టే సంస్థలు రెండు మన దగ్గర బాగా వినపడతాయి, ఏబీఆర్ఎస్ఎం, ట్రినిటీ. రెండింటిలోనూ గ్రేడ్ 1 నుంచి 8 దాకా ఉంటాయి. ఏబీఆర్ఎస్ఎం ప్రాక్టికల్ పరీక్షకు 150 మార్కులు. అందులో మూడు పాటలకు 90, స్కేళ్ళకు 21, అప్పటికప్పుడు కొత్త నొటేషన్ చూసి వాయించడానికి 21, చెవి పరీక్షకు 18. పాసవడానికి 100 రావాలి, మెరిట్‌కు 120, డిస్టింక్షన్‌కు 130. ట్రినిటీలో నూటికి 60 వస్తే పాసు, 75కి మెరిట్, 87కి డిస్టింక్షన్. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, “మా స్టూడెంట్లు అందరూ పాస్” అని గోడ మీద రాసుకున్నచోట మనం మెల్లగా ఇంకో ప్రశ్న వేయొచ్చు. “నొటేషన్ చూసి వాయించేదాంట్లో ఎంత వస్తున్నాయండీ?” ఏడాది పొడుగునా ఆ మూడు పాటలే రుద్దించి, పాసు చేయించిన పిల్ల నాలుగో పాట ముందర బిక్కమొహం వేస్తుంది. పరీక్ష మార్కుల కాగితం మీద ఎగ్జామినర్ రాసిన మాటలు ఉంటాయి. వాటిని పిల్లతో కలిసి చదివి, వచ్చే నెల ఏం చేయాలో చెప్పే టీచరు ఉంటే, గ్రేడ్ ఎంతైనా నాకు ఫర్వాలేదు.

ఇంకో సంగతి, వాయించడానికి ఇచ్చే డిప్లొమా వేరు, నేర్పించడానికి ఇచ్చే డిప్లొమా వేరు. గ్రేడ్ 8 అయిందంటే ఆ అమ్మాయి బాగా వాయిస్తుంది. ఏడేళ్ళ పిల్లవాడి చేత వాయింపించడం ఇంకా నేర్చుకుంటూ ఉండొచ్చు. కొత్తగా మొదలుపెట్టిన చిన్నమ్మాయిల్ని ఈ కారణంగా తోసెయ్యకండి, వాళ్ళలో ఓపిక ఎక్కువ.

కాగితం లేని గురువుల మాటేమిటి? పెనుకొండనే తీసుకుందాం. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు 1914లో పుట్టారు, ఆయన బాల్యం పెనుకొండ కోట నీడలో గడిచింది. అక్కడ సబ్ కలెక్టరు గారి భార్య, పిట్ దొరసాని, ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పిందని ఆయన జీవితం గురించి రాసిన వాళ్ళు చెప్తారు. ఆవిడ బోర్డు కట్టి ట్యూషన్ నడిపిన మనిషి కాదు. ఆయన చిన్న వయసులోనే రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తర్వాత విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకమైంది. తమాషా ఏమిటంటే, ఆ పరీక్షకు కూర్చున్నవాళ్ళలో ఆయనా ఉన్నారు! తన పుస్తకం మీద తనకే పరీక్ష. పరీక్షలు పనికిమాలినవి అనడం లేదు నేను. కాగితం రావడానికి ముందే విద్య ఉంటుందని మాత్రం మన ఊరి కథే చెప్తోంది. మీ వీధిలో చర్చిలో ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్న అన్నకు గ్రేడ్ కాగితం లేకపోవచ్చు. ఎవరైనా పాడటం మొదలుపెడితే శ్రుతి పట్టుకుని వెంటనే అందుకుంటాడు. ఆ విద్య అన్న దగ్గర నేర్చుకోండి. నొటేషన్ చదవడం రాదని అన్నే చెప్తే, దానికి ఇంకొకర్ని చూసుకుందాం. ఒక్కరి దగ్గరే అంతా దొరకాలని పట్టు ఎందుకు?

ఈ మాటకు సరిహద్దు అవతల ఒక రాజుగారే సాక్ష్యం. మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర వడియార్‌కు పియానో అంటే ప్రాణం. కచేరీలు ఇచ్చే పియానిస్టు కావాలని కలగన్నారు. 1940లో ఇరవై ఒక్క ఏళ్ళకే సింహాసనం మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా వదలకుండా లండన్ గిల్డ్‌హాల్ స్కూలు నుంచి లైసెన్షియేట్, 1945లో ట్రినిటీ కాలేజీ నుంచి ఫెలోషిప్ సంపాదించారు. లండన్‌లో ఉంటున్న మెట్నర్ అనే రష్యన్ సంగీతకారుడి రచనలు రికార్డు చేయించడానికి సొంత డబ్బు పెట్టారు. ఇన్ని బిరుదులున్న మనిషి కర్ణాటక సంగీతం వైపు తిరిగినప్పుడు ఏం చేశారు? మైసూరు వాసుదేవాచార్యుల దగ్గర, వీణ వెంకటగిరియప్ప దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. ఆ తర్వాతే 94 కృతులు రాశారు. పియానో ఫెలోషిప్ ఉంది కాబట్టి వీణ కూడా తెలుసు అనుకోలేదు.

అదే మైసూరులో అప్పట్లో మహారాజా కాలేజీలో తెలుగు చెప్తూ ఉన్నది మన అనంతపురం సీమ మనిషే, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మగారు. తర్వాత తిరుపతి వెళ్ళి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రేకు మీద ఉన్నది అన్నమయ్యది, కట్టిన వరుస శర్మగారిది. మన టీచర్లు కూడా ఇంత తేటగా చెప్తే బాగుండు. “ఇది పుస్తకంలో ఉన్నది, ఇది మా గురువు చెప్పింది, ఇది నా సొంత అలవాటు” అని మూడూ విడివిడిగా చెప్పే టీచరు మాటను కళ్ళకద్దుకోండి.

ఇక మనల్ని బాగా భయపెట్టే, బాగా ఆశపెట్టే మాటలు రెండున్నాయి. పియానో నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయి, మెదడు చురుకవుతుంది అనేది మొదటిది. ఈ ప్రచారం చాలావరకు 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం నుంచి పెరిగింది. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించారు. కాగితం మడతలు, ఆకారాలు ఊహించే రకం పరీక్షలో కాసేపు కొంచెం మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం ఉన్నది పది పదిహేను నిమిషాలు. వాళ్ళు చిన్నపిల్లలు కారు, పియానో నేర్చుకోనూ లేదు, ఊరికే విన్నారు! అది పట్టుకుని 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇస్తానని బడ్జెట్‌లో లక్షా ఐదు వేల డాలర్లు అడిగారు. గవర్నరే అంత నమ్మాక మనం నమ్మడంలో వింతేముంది? పియానో నేర్చుకున్న పిల్లకు పియానో వస్తుంది, అది చాలదా మనకు?

రెండోది, పదివేల గంటలు సాధన చేస్తేనే విద్య వస్తుందన్న లెక్క. అది కూడా 1993 నాటిదే, బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద ఎరిక్సన్ అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనం. అందరికన్నా బాగా వాయించేవాళ్ళు ఇరవై ఏళ్ళ వయసుకు సగటున అన్ని గంటలు సాధన చేశారు. సగటు అంటే కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. ఆ గీత దాటితేనే విద్య అని దాని అర్థం కాదు. వృత్తిగా వాయించబోయేవాళ్ళ లెక్క తెచ్చి రెండో తరగతి పిల్ల నెత్తిన పెడితే ఎట్లా? ఏడెనిమిదేళ్ళ పిల్లకు రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు, మనసు పెట్టి. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా అది వందరెట్లు నయం.

నొప్పి సంగతి మాత్రం నేను గట్టిగా చెప్తాను, వినండి. “నొప్పి రానీ, ఓర్చుకుంటేనే వేళ్ళు బలపడతాయి” అన్న టీచరు ఎంత గొప్పవాళ్ళైనా ఆ ఒక్క మాట వినకండి. షూమన్ అనే మహా సంగీతకారుడు పియానిస్టు కావాలనుకుని చెయ్యి పాడైపోయి ఆ ఆశ వదులుకున్నారు. వేళ్ళు బలపడాలని వాడిన సాధనమే కారణమని కొందరంటారు, కాదని కొందరంటారు. మనకా వాదం వద్దు. చెయ్యి నొప్పి పుడితే ఆపాలి, ఎత్తు చూడాలి, మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఆగకుండా వస్తుంటే డాక్టరుకు చూపించాలి. టీచరు కూడా ఇదే చెప్పాలి.

కన్నీళ్ళు కూడా ఒక నొప్పే. క్లాసు రోజు కడుపునొప్పి అని పడుకునే పిల్ల మనకు ఏదో చెప్తోంది. అందరి ముందర “నీకు రాదు, నీ వల్ల కాదు” అన్నారేమో, మెల్లగా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. తిట్టినా సరే, ఏం మార్చుకోవాలో చెప్పి తిడితే పిల్లలు తట్టుకుంటారు. రాదు అని ఊరికే తీర్పు చెప్పేస్తే పిల్ల దేన్ని పట్టుకుని సరిచేసుకుంటుంది?

కొనే విషయం కూడా చెప్పేసుకుందాం. టీచరు ఒకే షాపు పేరు, ఒకే మోడల్ పేరు చెప్పి, ఈ వారమే కొనమని తొందర పెడుతున్నారంటే, “అదెందుకండీ, వేరేది అయితే ఏం తక్కువ?” అని అడగండి. మొదటి ఏడాది, రెండేళ్ళకు అరవై ఒక్క మెట్లు చాలు. కాకపోతే గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికేది అయ్యుండాలి, అది లేకపోతే వేళ్ళకు ఏమీ రాదు. గ్రేడ్ పరీక్షల దాకా వెళ్ళాక, పియానోలాగా మెట్లు బరువుగా ఉండే ఎనభై ఎనిమిది మెట్లది అవసరమవుతుంది. అది నిజమైన సలహా, సమయం వచ్చినప్పుడు. అసలైన చెక్క పియానో సంగతైతే ఏడాదికి ఒకసారైనా శ్రుతి చేయించాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. చుట్టుపక్కలకు కొత్త కుటుంబాలు, కొత్త ముఖాలు వచ్చాయి. కొత్త టీచర్లు, కొత్త బోర్డులు కూడా వస్తాయి. హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా ఆదివారం రైల్లో బెంగళూరు క్లాసుకు పోయే ఓపిక ఉన్నవాళ్ళు పోతారు. అందరికీ ఎట్లా కుదురుతుంది? నా మాట వింటే, వారం వారం పాఠం ఊళ్ళోనే పెట్టుకోండి. సెలవుల్లో ఒకసారి పెద్ద టీచరు దగ్గరికి తీసుకెళ్ళి చేతులు చూపించి రండి. ఊళ్ళో టీచరుకు చెప్పే వెళ్ళండి, దాచకండి. ఆవిడ చిన్నబుచ్చుకోకుండా “ఏం చెప్పినారో నాకూ చెప్పండి” అందంటే, మీ పిల్ల మంచి చేతుల్లో ఉంది.

ఆఖరుగా ఒకటి. పిల్ల క్లాసు అయ్యేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడి, లోపలినుంచి వినపడే పాటకు తల ఊపుతూ ఉంటారే, మీ గురించి. పాత సినిమాల్లో హీరో పుట్టినరోజు పార్టీలో పియానో ముందు కూర్చుని పాడుతుంటే మనకు ఎంత ముచ్చటగా ఉండేది! “ఈ వయసులో ఏం నేర్చుకుంటాంలే” అని మనకు మనమే సలహా చెప్పేసుకుంటాం. ఆ సలహాను కూడా తిరగేసి చూద్దామా? చిన్న వయసులోనే అబ్బే విద్య ఒకటుంది, ఆధారం లేకుండా చెవితోనే ఏ స్వరమో చెప్పగలగడం. అది పియానో వాయించడానికి అవసరమే లేదు. నలభైలో వేళ్ళు కొంచెం మొండికేస్తాయి గానీ, మనకు ఓపిక ఉంటుంది, ఎందుకు అని అడిగే తెలివి ఉంటుంది. ఏడేళ్ళ తర్వాత వేళ్ళు వంగవన్న మాట పాప విషయంలోనూ అబద్ధమే, మన విషయంలోనూ అబద్ధమే. వయసు చెప్పగానే నవ్విన టీచరును వదిలెయ్యండి, “మీకు ఏ పాట వాయించాలని ఉంది?” అని అడిగిన టీచరు దగ్గర చేరండి.

ఈ ఆదివారం ట్రయల్ క్లాసుకు వెళ్తున్నవాళ్ళు లోపలికి వెళ్ళి పిల్ల పక్కనే కూర్చోండి, ఫోను బ్యాగులో పెట్టేసి. ఇంటికొచ్చాక ఆవిడ చెప్పినది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, వారంపాటు చేసి చూడండి. తేడా కనపడితే నెల ఫీజు కట్టండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ ఇస్తామంటారు, ఇప్పుడే వద్దు.